చెలక నేల పుట్టుక, బావి నీటి కొలత

యాచారము, ఇబ్రహీంపట్నము, మంచాల ప్రాంతముల రైతులకు తమ భూమి సంగతి మరియొకరు చెప్పవలసిన పని లేదు. ఏ మడిలో నీరు నిలుచునో, వాన వెలిసిన ఎన్నవ నాడు ఏ చెలకలో నాగలి సాగునో, ఏ గట్టు ప్రక్కన జొన్న ముందుగా వాడునో వారు చిన్ననాటినుండి చూచుచున్నదే. అయినను ఆ చెలక ఎట్లు కలిగినది, దాని క్రింద ఏమున్నది, బావిలోని నీరు ఎక్కడనుండి వచ్చుచున్నది అను ప్రశ్నలకు అనుభవము ఒక్కటియే చాలదు. నాగటి కఱ్ఱు జానెడు లోతును మించి దిగదు గదా. ఆ జానెడు క్రింది సంగతి ఈ కరపత్రమునందు తెలుపబడును. ఇది బడిపిల్లల పాఠమువలె తోచవచ్చును. కాని యాసంగిలో ఎన్ని ఎకరముల వరి నాటవచ్చును, బోరు కొఱకు అప్పు చేయవలెనా వలదా అను లెక్కలు ఈ పాఠముమీదనే ఆధారపడియున్నవి.

రాయి

హైదరాబాదునుండి నాగార్జునసాగరమునకు పోవు బాటలో ఇబ్రహీంపట్నము దాటి యాచారము, మాల్ వైపు సాగువారికి అక్కడక్కడ గుండ్ల గుట్టలు కనబడును. ఎవరో ఒకదానిపై నొకటి పేర్చినట్లుండును. వానిని ఎవరును పేర్చలేదు. ఒకప్పుడు అదంతయు ఒకే బండ. ఆ బండకు నిలువునను అడ్డమునను బీటలు పడి పెద్ద పెద్ద దిమ్మెలుగా విడిపోయినది. బీటలలోనికి వాననీరు దిగి దిమ్మెల అంచులను కొఱికినది. దిమ్మె నడుమ భాగమునకు నీరు ఒక ప్రక్కనుండియే తగులును, మూలకు మూడు ప్రక్కలనుండి తగులును. కావున మూలలు ముందుగా పుచ్చి రాలిపోయి దిమ్మె గుండ్రనైనది. పుచ్చి రాలినదంతయు వానలకు కొట్టుకొనిపోగా గుండ్లు మాత్రము మిగిలినవి. బావి త్రవ్వునప్పుడు మొరము నడుమ ఇట్టి గుండ్లే అడ్డుపడును. గుట్టపై గాలిలో జరిగిన పనియే భూమిలోపల ఇప్పటికిని జరుగుచున్నదనుటకు అదియే సాక్ష్యము.

ఈ రాయి కంకర మిల్లులవారికిని కట్టడముల వారికిని గ్రానైటు అను పేరుతో తెలిసినదే. దీని వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. అది భూగర్భమున మైళ్ళ లోతున కరిగిన ద్రవముగానుండి మెల్లగా చల్లారి గట్టిపడినది. అప్పుడు నేలపై చెట్టు లేదు, గడ్డి లేదు, జంతువు లేదు. జీవమనునది నీటిలోని కంటికి కనబడని ప్రాణులలో మాత్రమే యుండెను. పైనున్న మైళ్ళ మందపు రాయి అంతయు కాలక్రమమున అరిగిపోగా లోపలిది నేడు బయటపడియున్నది. తాత ముత్తాతలనుండి దున్నుచున్న చెలక ఒకనాడు పర్వతముల అడుగు భాగమన్నమాట.

గ్రానైటు ముక్కను పగులగొట్టి ఎండలో చూచినచో మూడు రకముల రేణువులు కనబడును. గాజువలె మెఱయు తెల్లనివి పలుగురాయి. గులాబి వన్నెగాని పాలవన్నెగాని గలిగి చదునుగా విరుగునవి ఫెల్డుస్పారు అనబడును. నల్లగా తళుకులీనునవి అభ్రకము మొదలైన ఇనుము గల ఖనిజములు. రైతు భూమి గుణమంతయు ఈ మూటి నడవడిలోనున్నది. పలుగురాయి పుచ్చదు. అది చెలకలో ఇసుకగా మిగులును. ఫెల్డుస్పారు పుచ్చి మెత్తని బంకమన్నగును, పుచ్చునప్పుడు పైరులకు కావలసిన పొటాషును విడుచును. నల్లని ఖనిజములలోని ఇనుము గాలి తగిలి త్రుప్పు పట్టును. వానలో వదలిన కఱ్ఱు ఎఱ్ఱబడుటయు, చెలక ఎఱ్ఱబడుటయు ఒకే పని. త్రుప్పు పట్టుటకు ప్రాణవాయువు కావలెను. ఈ రాయి గట్టిపడిన కాలమున గాలిలో ప్రాణవాయువు లేదన్నంత స్వల్పము. తరువాత నీటిలోని సూక్ష్మజీవులు సూర్యరశ్మితో ఆహారము చేసికొనుచు దానిని విడిచిపెట్టగా గాలిలో నిండినది. కావున చెలక ఎఱుపునకు రాయి ఎంత కారణమో జీవమును అంత కారణము.

రాయి పుచ్చుట ఎట్లు? వాన చినుకు గాలిలోని బొగ్గుపులుసు వాయువును కొంత కరిగించుకొని వచ్చును. అందుచేత వాననీరు స్వల్పముగా పుల్లనిది, అయినను నాలుకకు తెలియదు. నేలలోనికి దిగినపిమ్మట అది మఱింత పుల్లనగును. ఏలయన వేళ్ళును, మట్టిలోని సూక్ష్మజీవులును మనవలెనే శ్వాసించి బొగ్గుపులుసు వాయువును విడుచును. ఆ పుల్లని నీరు ఫెల్డుస్పారును నమలి బంకమన్నుగా మార్చును. చెట్టు వేరు బీటలో దూరి రాయిని పగులగొట్టుట అందఱు చూచినదే. పాడుపడిన గుడి గోడలోని రావిమొక్క చేయు పనిని తంగేడు, రేల, చండ్ర వేళ్ళు గుట్ట లోపల చేయుచున్నవి. అంగుళము మన్ను ఏర్పడుటకు ఈ విధముగా నూర్ల కొలది సంవత్సరములు పట్టును. గట్టు తెగిన చేనిలో అంగుళము మన్ను పోవుటకు నాలుగైదు పెద్ద వానలు చాలును.

మన్ను

క్రొత్తగా త్రవ్విన బావి ఒడ్డున నిలిచి లోపలికి చూచినవారికి ఈ చరిత్ర పొరలుగా కనబడును. పైన జానెడు మొదలు మూరెడు వఱకు దున్నిన మన్ను. దాని క్రింద మఱింత ఎఱ్ఱని, కొంచెము జిగట గల మన్ను, ఇది పైనుండి వానకు దిగిన బంకమన్ను చేరుటవలన కలిగినది. పిమ్మట మొరము. మొరము చేతికి రాయివలె తోచినను గునపము దెబ్బకు పొడిపొడియగును. రాయిలోని గీతలు, పలుగు చాళ్ళు దానిలో చెక్కు చెదరక ఉండును, బలము మాత్రము పోయినది. దాని క్రింద బీటలు వారిన గట్టి రాయి. అన్నిటికిని క్రింద పరుపు బండ.

ఇందు చెలక ఎండకు త్వరగా ఎండుటకు కారణము తెలియుచున్నది. దానిలో పలుగు ఇసుక హెచ్చు, బంకమన్ను తక్కువ. ఇసుక రేణువుల నడుమ నీరు నిలువక క్రిందికి జారును. బంకమన్ను రేణువులు మిక్కిలి సన్నములగుటచే నీటిని, ఎరువు సారమును అంటిపెట్టుకొనును. తన చేనిలో ఏది ఎంతయున్నదో రైతు ఖర్చు లేకయే చూచుకొనవచ్చును. గాజు సీసాలో మూడవ వంతు మన్ను వేసి, నిండ నీరు పోసి, మూత బిగించి బాగుగా కదిలించి ఒక పగలు ఒక రాత్రి కదలక పెట్టవలెను. ఇసుక మొదట అడుగున చేరును. దానిపై ఒండు, ఆపైన బంకమన్ను వేఱువేఱు పట్టెలుగా నిలుచును. ఎగువ చెలక మన్నును, చెరువు పూడికను రెండు సీసాలలో ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో పూడిక ఎరువు వంటిదని పెద్దలు చెప్పుటకు కారణము వేఱుగా వివరింపనక్కఱ లేదు. అదే ఊరిలో పల్లపు భూములందు నల్ల రేగడి కనబడుటయు ఇట్టిదే. మెఱకనుండి దిగిన సన్నని మన్ను, సున్నము పల్లమున నిలిచి, నీరు ఉబ్బించినప్పుడు ఉబ్బి, ఎండినప్పుడు నెఱ్ఱెలు వాఱు జాతి బంకమన్నుగా మారును.

మన్నులో రాతిపొడి మాత్రమే యున్నచో దానిపై పంట పండదు. ఆకు, పెంట, వేళ్ళు కుళ్ళి నల్లని జీవసారమగును, దానిని తినుచు కోటానుకోట్ల సూక్ష్మజీవులు బ్రతుకును. ఎఱ్ఱల సంగతి ఇంగ్లండు దేశపు శాస్త్రజ్ఞుడు చార్లెస్ డార్విను 1881లో ఒక గ్రంథముగా వ్రాసెను. ఆ దేశపు పలుచోట్ల ఎకరమునకు ఏటేట 10 టన్నులకు మించిన మన్ను ఎఱ్ఱల కడుపుగుండా పోయి మీదికి వచ్చుచున్నదని ఆయన లెక్కగట్టెను. మన చెలకలు వేసవిలో ఎండిపోవుటచే ఇచట ఎఱ్ఱలకంటె చెదలు చేయు పని హెచ్చు. చెదపురుగును ఇంటి శత్రువుగానే ఎంచుదురు కాని, చేనిలో అవి త్రవ్విన సన్నని సొరంగములు వాననీటికి త్రోవలని మఱువరాదు.

పప్పుజాతి పైరుల వేళ్ళను గూర్చి కొంచెము నిలిచి చెప్పవలెను. గాలిలో నూటికి 78 పాళ్ళు నత్రజనియే. ఆకు పచ్చదనమునకు, గింజ బలమునకు కావలసినది అదియే. అయినను జొన్నగాని వరిగాని దానిని గాలినుండి తీసికొనలేదు. నిండిన గాదె ముందర తాళపుచెవి లేక నిలిచినట్లు నిలుచును. కంది, పెసర, అలసంద, ఉలవ, వేరుసెనగ వేళ్ళపై చిన్న బుడిపెలు ఉండును. వానిని చీడయని తలచి భయపడువారు నేటికిని కలరు. అవి చీడ కావు. వానియందు ఒక జాతి సూక్ష్మజీవులు కాపురముండి గాలిలోని నత్రజనిని పైరు తినదగిన రూపమునకు మార్చి యిచ్చును. పైరు వానికి ప్రతిఫలముగా చక్కెర నిచ్చును. ఈ సూక్ష్మజీవిని 1888లో హాలెండు దేశీయుడు బైజెరింక్ వేఱుపఱచి చూపెను. కంది సాలు పెట్టిన జొన్నచేను మఱుసటి యేడు బాగుగా పండునని మన పెద్దలకు ఆ సంవత్సరమునకు ముందే తెలియును. కారణము మాత్రము తెలియదు.

బుడిపె పని చేయుచున్నదో లేదో గోటితో చీల్చి చూడవచ్చును. లోపల గులాబి వన్నె యున్నచో పని జరుగుచున్నది. ఆ ఎఱుపు మన నెత్తురునకు ఎఱ్ఱదన మిచ్చు పదార్థమునకు దగ్గఱి చుట్టమైన ఒక పదార్థమువలన కలిగినది. తెల్లగానున్నచో ఇంకను మొదలు కాలేదు. పచ్చగానో గోధుమవన్నెగానో యున్నచో పని ముగిసినది. పూత సమయమున కంది మొక్కను పెరుకక పాఱతో వేళ్ళ మన్నుతో సహా లేపి, నీటిలో కడిగి చూడవలెను. పెరికినచో బుడిపెలు మన్నులోనే రాలిపోవును. అప్పుడు లేనివని భ్రమ కలుగును.

ఈ సూక్ష్మజీవులకును, ఎఱ్ఱలకును, వేళ్ళకును ఇల్లు పై జానెడు మన్ను. ఒక ఎకరముపైనుండి ఒక మిల్లీమీటరు మందము కొట్టుకొనిపోయినచో అది సుమారు 6 టన్నులు, అనగా రెండు ట్రాక్టరు ట్రాలీల మన్ను. కంటికి తెలియనే తెలియదు. ఎఱ్ఱని వాననీరు వాగులో పాఱుచున్నప్పుడు మొదట పోవునది ఇసుక కాదు, తేలికయైన బంకమన్నును జీవసారమును. అది పోవుచోటు చెరువు.

నీరు

భూమిలోపల నదులు పాఱుచున్నవని, అదృష్టవంతునికి ఆ నది దొరకునని చాలమంది నమ్మకము. అరచేతిలో కొబ్బరికాయ నిలిపియో, వేపపంగను పట్టియో చోటు చూపువారు ఈ నమ్మకముమీదనే బ్రతుకుచున్నారు. వారు చూపినచోట నీరు పడినప్పుడు ఊరంతయు చెప్పుకొనును. పడనప్పుడు అప్పు చేసినవాడు తప్ప మఱెవ్వరును చెప్పుకొనరు. గ్రానైటు దేశములో భూగర్భనది లేదు. మొరములో రేణువుల నడుమను, దాని క్రింది రాతి బీటలలోను నిలిచిన వాననీరే బావి నీరు. ఆ వాన ఆ ఊరి చుట్టుపట్ల కురిసినదే.

ఈ సంగతి ఊహగా చెప్పుచున్నది కాదు. ఇబ్రహీంపట్నమునకు పడమటనున్న మహేశ్వరములో సుమారు 53 చదరపు కిలోమీటర్ల భూమిని ఎన్నుకొని, 1961లో స్థాపింపబడిన హైదరాబాదు జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారును ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞులును కలిసి పరిశీలించిరి. ఇందుకై 1999లో ఒక ఉమ్మడి పరిశోధన కేంద్రము ఏర్పడినది. యాచారము రాయియు, మహేశ్వరము రాయియు ఒకే జాతివి. అచట తేలినదేమనగా, మొరపు పొర మందము సాధారణముగా 10 నుండి 20 మీటర్లు, అనగా 33 నుండి 65 అడుగులు. దాని క్రింది బీటల రాయి. నీటిని ఈయగల బీటలలో చాల భాగము నేలమట్టమునుండి సుమారు 35 మీటర్లలోపలనే, అనగా 115 అడుగుల లోపలనే, ముగియుచున్నవి. అటుపిమ్మట దిగినకొలది బీటలు అరుదు. వేయి అడుగుల బోరులో ఎక్కడనో ఒక బీట తగిలి కొన్నినాళ్ళు నీరు వచ్చుట కలదు. కాని ఆ బీటకును నీరు చేరవలసినది పైనుండియే. పై పొరలు ఎండినపిమ్మట అది ఎవరి నీటిని ఈయగలదు? లోతు పెంచుట గాదెను పెద్దది చేయుట కాదు. గాదె అడుగున రంధ్రము చేయుట.

అదే పరిశీలనలో మఱియొక లెక్క తేలినది. రైతు దీనిని కంఠస్థము చేయదగును. ఈ రాతిపొరలో నీటిమట్టము దిగునప్పుడు, నూఱు పాళ్ళ రాయికి బావిలోనికి విడువబడు నీరు సుమారు 1.4 పాళ్ళు మాత్రమే. నూఱు బిందెలు పట్టు గాబును రాళ్ళతో నింపి, సందులలో బిందెన్నర నీరు పోసినట్లన్నమాట. బావిలో ముప్పది అడుగుల నీరు చూచి రైతు మురియును. ఆ ముప్పది అడుగుల నిండుదనము బావి గోడల మధ్యనే. గోడ వెలుపల అంతయు రాయి, దాని సందులలో చెమ్మ.

ఇప్పుడు వానకు లెక్క కట్టుదము. ఈ ప్రాంతపు సగటు వాన సాలుకు సుమారు 30 అంగుళములు. అందు హెచ్చుభాగము పైరులు, చెట్లు, ఎండ తీసికొనిపోవును. కొంత వాగులలో పాఱిపోవును. పదియవ వంతు ఇంకినదని పెట్టుకొన్నచో 3 అంగుళములు. నూటికి 1.4 పాళ్ళ సందులలో ఈ 3 అంగుళములు చేరగా బావి నీరు సుమారు 18 అడుగులు లేచును. బావి నీరు కార్తికమాసమునకు అంతగా లేచుటకును, చైత్రమునకు అంతగా అణగుటకును ఇదియే కారణము. లేచినది చూచి నీరు అపారమనుకొనుట పొరపాటు. 18 అడుగులనగా 3 అంగుళములే. ఇంకను సులభముగా చెప్పవలెనన్న, బావిలో ఒక అడుగు నీరనగా ఆ భూమిపై అంగుళములో ఆఱవ వంతు.

యాసంగి వరికి మడిలో పెట్టు నీరు 48 అంగుళములని అనుకొందము. చెలక మడులలో సగము తిరిగి భూమిలోనికి ఇంకును, అది నష్టము కాదు, మరల తోడవలసిన శ్రమ మాత్రమే. తక్కిన 24 అంగుళములు గాలిలో కలియును. ఒక ఎకరముక్రింద ఇంకిన వాన 3 అంగుళములు గదా. కావున ఒక ఎకరము యాసంగి వరి ఎనిమిది ఎకరముల వాననీటి ఇంకుడును త్రాగివేయును. తన పట్టాలో రెండెకరములుండి రెండెకరములును యాసంగి వరి నాటినవాడు పదునాలుగు ఎకరముల ఇరుగుపొరుగు నీరు వాడుకొనుచున్నాడు. ఇరుగుపొరుగువారును అట్లే చేసినచో ఎవరి నీరు ఎవరిది?

రెవెన్యూ లెక్కలలో తరి వేఱు, ఖుష్కి వేఱు. నిజాము కాలమున వానాకాలపు వరిని ఆబీ అనియు, యాసంగి వరిని తాబీ అనియు వ్రాసి, చెరువులో నిలిచిన నీటిని చూచియే తాబీ సాగు నిర్ణయించెడివారు. చెరువు నీరు అందఱకు కనబడును, కావున పంచుకొనుట సాధ్యమయ్యెను. తూము తెఱచి మూయుటకు నీరటి యుండెను. భూమిలోపలి నీరు కనబడదు, దానికి తూము లేదు, నీరటి లేడు. 2002లో వచ్చిన జల, భూమి, వృక్ష చట్టము, వాల్టా అని రైతులెఱిగినది, బోరు వేయుటకు అనుమతి కావలెనని విధించినది. కాని చట్టము బోర్ల సంఖ్యను చూడగలదే కాని ఒక్కొక్క బోరు తోడు నీటిని చూడలేదు. 2018 జనవరి 1 నుండి తెలంగాణమున వ్యవసాయమునకు ఇరువదినాలుగు గంటల విద్యుత్తు ఈయబడినది. ఆటో స్టార్టరు పెట్టి మోటారును దాని మానాన వదలినవానికి బోరు ఎప్పుడు ఆగినదో, మరల ఎప్పుడు నీరు ఊరినదో తెలియదు. మోటకాలమున ఎద్దులు అలసినప్పుడు బావియు విశ్రాంతి తీసికొనెడిది.

మహేశ్వరము పరిశీలనాకాలమునకే అచట నీటిమట్టము మొరపు పొరను దాటి బీటల రాతిలోనికి దిగియుండెను. మొరము ఎండినది గనుకనే తాతలు త్రవ్వించిన మోటబావులు ఎండినవి. అవి పూడినందున కాదు. అటువంటి బావిని చెత్తతో పూడ్చివేయు అలవాటు అన్నిచోట్ల కనబడుచున్నది. అది మొరము వఱకు త్రవ్విన సిద్ధమైన ఇంకుడుగుంట. చేలలోని వాననీటిని ఒక ఇసుక గుంటలో తేర్చి దానిలోనికి మళ్ళించుట మేలు. తేర్చకయే మళ్ళించినచో బంకమన్ను అడుగున పట్టి మొరపు సందులను మూసివేయును. పురుగుమందులు చల్లిన చేని నీటిని మాత్రము ఎన్నడును విడువరాదు.

గ్రానైటును చీల్చుకొని నల్లని రాయి చాలువలె పోవుట అక్కడక్కడ కనబడును. అది డోలరైటు అను వేఱు జాతి రాయి, గ్రానైటు బీటలలోనికి క్రిందినుండి కరిగిన ద్రవము ఎగసి గట్టిపడుటచే కలిగినది. గట్టిగానున్నచోట అది భూమిలోపల అడ్డుకట్టవలె పనిచేయును. దానికి ఎగువన బావులు నిండి దిగువన వట్టిపోవుట కలదు. ఒక గట్టుకు ఈవల ఆవల ఇద్దఱు అన్నదమ్ముల బావులలో భేదమునకు జాతకములకంటె ఇట్టి చాళ్ళు కారణమగుట హెచ్చు.

లోతు బోరు నీటియందు మఱియొక హాని కలదు. గ్రానైటులోని కొన్ని ఖనిజములందు ఫ్లోరైడు ఉన్నది. నీరు రాతితో ఎంత కాలము ఒరసికొనియుండునో అంత ఫ్లోరైడు దానిలో కరుగును. పై మొరములో ఏటేట మారు నీటికంటె లోతు బీటలలో ఏండ్ల తరబడి నిలిచిన నీటియందు ఇది హెచ్చుగా నుండుట సామాన్యము. లీటరునకు 1.5 మిల్లీగ్రాములు మించిన నీటిని చాలకాలము త్రాగినవారికి పండ్లు గోధుమవన్నె మచ్చలుపడును. మఱింత హెచ్చైనచో ఎముకలు వంగి బిగిసికొనిపోవును. మన దేశమున ఈ వ్యాధి 1937లో అప్పటి చెన్నపట్నపు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో మొదట గుర్తింపబడినది. యాచారమునకు ప్రక్కనున్న నల్లగొండ జిల్లా మర్రిగూడ ప్రాంతమున దీని బాధలు లోకవిదితము. మరగించుటవలన ఫ్లోరైడు పోదు, నీరు తగ్గి మఱింత చిక్కనగును. పైరునకు బోరు నీరు పెట్టినను త్రాగుటకు పరీక్షింపని లోతు నీరు వాడరాదు.

చెరువు

ఇబ్రహీంపట్నమునకు ఆ పేరు 1550 నుండి 1580 వఱకు గోలకొండ నేలిన ఇబ్రహీం కులీ కుతుబ్ షా వలన కలిగినది. అచటి పెద్ద చెరువును ఆయన కాలమునదనియే చెప్పుదురు. చెరువును తరి భూములకు నీరు పాఱించు సాధనముగా మాత్రమే లెక్కించుట ఆయకట్టుదారుల అలవాటు. భూమిశాస్త్రమును బట్టి దానికి మఱి రెండు పనులు కలవు. పాఱిపోవు వాననీటిని నిలిపి మెల్లమెల్లగా మొరములోనికి దింపుట ఒకటి. చెరువు నిండిన యేడు దిగువ బావులు నిండుట ఇందుచేతనే. పైచెలకలనుండి కొట్టుకొనివచ్చిన బంకమన్నును పోగుచేసి యుంచుట రెండవది.

2015లో మిషన్ కాకతీయ అను పేర తెలంగాణమున చెరువుల పూడికతీత మొదలైనది. 46,000 పైచిలుకు చెరువులు, కుంటలు లెక్కకు వచ్చినవి. పూడికను రైతులు తమ బండ్లలో చేలకు తోలుకొనిరి. పైన చెప్పిన సీసా పరీక్ష చేసినవారికి ఇది దానము కాదని, తమ మన్ను తమకు తిరిగివచ్చుటయని తెలియును. ఇసుక హెచ్చైన చెలకకే పూడిక మేలు. రేగడికి తోలుట వృథాశ్రమ. చౌడు పట్టిన చెరువు పూడికను పరీక్షింపక తోలరాదు. శిఖము భూమిని మడులుగా మార్చుకొని కట్టడములు కట్టువారు ఒక్క చెరువును కాక దిగువనున్న బావులనన్నిటిని ఆక్రమించుచున్నారు. ఇట్టి వ్యవహారములలో పటమునందలి గీతను గూర్చి వాదము సాగునే కాని బావులను గూర్చి ఎవరును అడుగరు.

కొలత

తక్కినది చేతిపని. ఊరిలో వాడుకలో లేని బావినిగాని బోరునుగాని ఒకదానిని ఎన్నుకొని, త్రాటికి అడుగునకొక ముడి వేసి, చివర రాయి కట్టి, నీటిమట్టము కొలువవలెను. చుట్టుపట్ల మోటారులు నడువని తెల్లవారుజామున కొలుచుట మంచిది, లేనిచో మట్టము తప్పుగా తోచును. వానలు వెనుకబట్టిన పిమ్మట కార్తికమున ఒకసారి, వైశాఖమున ఒకసారి కొలిచినను చాలును. బావిగోడపై సున్నముతో గీత గీసి తేదీ వ్రాయవలెను.

ఉదాహరణము: పరుపు బండ 60 అడుగుల లోతున తగిలిన ఊరిలో కార్తికమున నీరు 30 అడుగులకు ఉన్నదనుకొందము. నిలువయున్నది 30 అడుగులు. అడుగునకు అంగుళములో ఆఱవ వంతు చొప్పున 5 అంగుళములు. త్రాగునీటికి, పశువులకు, తోటలకు, మఱుసటి యేడు వాన తప్పినచో ఆధారమునకు 2 అంగుళములు విడువగా 3 అంగుళములు వాడుకొనవచ్చును. ఆ నీటిపొర 800 ఎకరముల క్రింద వ్యాపించియున్నచో, ఊరంతయు కలిసి 100 ఎకరముల వరి మాత్రమే నాటవలెను. అదే నీటిని తడికి 2 అంగుళముల చొప్పున మూడు తడులు చాలు జొన్నవంటి పైరునకు పెట్టినచో 400 ఎకరములు తడియును. కార్తికమున నీరు 40 అడుగులకు దిగియున్నచో నిలువ మూడున్నర అంగుళములకు లోపలనే గనుక, వాడుకొనదగినది ఒక అంగుళము మీద మూడవ వంతునకు తగ్గి వరి సుమారు 44 ఎకరములకు దిగును. మొరపు మందము ఊరూరికి మారుచుండును, కావున 60 అన్న అంకె స్థానమున తమ బావిలో బండ తగిలిన లోతు వేసికొనవలెను. ఆ లోతు బావి త్రవ్విన ఒడ్డెరవారికి, బోరు వేసిన బండివారికి తెలిసియుండును. అడిగి, నీటి గీత ప్రక్కనే గోడపై వ్రాసికొనవలెను.